గంజి పెట్టిన మోకాలి పట్టీలు

గద్వాలలో చీరలు నేసే ఇంటి పిల్ల ప్రియ. ఆమెకు కబడ్డీ అంటే ప్రాణం. బడి జట్టు మొత్తానికి మోకాలి పట్టీలు నాలుగు జతలే ఉండేవి. ఆట నుంచి బయటికొచ్చినవాళ్లు విప్పితే లోపలికెళ్లేవాళ్లు తొడుక్కునేవాళ్లు. అలా పట్టీలతో పాటు తామర కూడా కాళ్లు మారింది. హెడ్మాస్టరు దశరథం సారు పట్టీలను తగలబెట్టమన్నాడు. అవి లేకుండా జట్టును నాగర్‌కర్నూల్ పోటీలకు పంపేది లేదన్నాడు.

సైన్సు చెప్పే సుమన మేడం అడ్డుపడింది. ఏ మందుతో కడిగితే శుభ్రమవుతాయో ముందు పరీక్షిద్దామంది. ఆ పని ప్రియ మీద పడింది. ఒక జతను ఫినాయిల్‌లో, ఒకదాన్ని బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో, ఇంకోదాన్ని వేపాకు కషాయంలో నానబెట్టి, ఇంట్లో దండెం మీద ఆరేసింది. నాలుగో జతను కడగకుండా వదిలేసింది. మర్నాడు బడిలో ఒక్కో జతను ఉడికిన ఆలుగడ్డ ముక్కకు ఒత్తి, ముక్కలను గాజు గిన్నెల్లో మూసిపెట్టింది.

వారం తిరక్కుండానే కడిగిన జతల ముక్కలకు పిల్లి తోకంత బూజు పట్టింది. కడగనిదాని ముక్కకు ఏదో పట్టీపట్టనట్టు పట్టింది. కడగడమే తప్పని తేల్చేసి సారు అగ్గిపెట్టె తెప్పించాడు.

అప్పుడు చూసింది ప్రియ. కడిగిన పట్టీలు బల్ల మీద చెంబుల్లా వాటంతటవే నిలబడి ఉన్నాయి. పుట్టినప్పటి నుంచి పెళపెళలాడే బట్టల మధ్య పెరిగిన పిల్ల కనుక ఇన్నాళ్లూ ఆమెకది వింతగా తోచలేదు. ఇంటికి పరుగెత్తి నాయనమ్మ జమ్ములమ్మను అడిగింది. గంజి పెట్టింది తానేనని ఆమె గర్వంగా చెప్పింది.

"నలుగురు సూసే గుడ్డలాయె. మెత్తగ ఏలాడుకుంట పోతె మన ఇంటి పరువేం గావాలె? ఇంకొక జత ఉతకనే లేదు నువ్వు. మాసిన గుడ్డకు గంజి పెడ్తరానే?"

బూజు వచ్చింది గంజితోనేనని ప్రియ బడికి వచ్చి చెప్పింది. సారు నమ్మలేదు. తాను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి గంజి చొక్కాలే తొడుగుతున్నానని, ఏనాడూ బూజు పట్టలేదని గదమాయించాడు. ఆయన చెయ్యి ఊపినప్పుడల్లా చొక్కా కూడా పెళపెళమంటూ ఆయనతో పాటు మాట్లాడింది.

బడిలో నోరు తెరవని ప్రియ మెల్లగా అడిగింది. "సార్, మీ అంగీ చెయ్యి గూడ ఒక ముక్కకు ఒత్తి సూద్దమా?"

సుమన మేడం గోడవైపు తిరిగింది. జట్టంతా చూస్తుండగా కాదనలేక సారు చెయ్యి చాచాడు. పట్టీలను ఈసారి గంజి వదిలేలా ఉతికి, బడిలోనే మళ్లీ అవే మందుల్లో కడిగి, బడిలోనే ఆరేసి, మళ్లీ ముక్కలకు ఒత్తారు.

గిన్నెలు తెరిచిన రోజు బ్లీచింగ్ నీళ్ల జత ముక్క పెట్టింది పెట్టినట్టే ఉంది. బూజులో మొదటి స్థానం సారు చొక్కాదే. పట్టీలన్నీ ఆ నీళ్లలోనే కడగమని చెప్పి, జట్టును నాగర్‌కర్నూల్ పంపడానికి సారు ఒప్పుకున్నాడు. తన గిన్నెను మాత్రం ఎవరికీ చూపించొద్దని షరతు పెట్టాడు.