నల్లపొగ బండి

మత్తయికి చెవుడొచ్చిందని ఆర్మూరంతా చెప్పుకొని తిరిగింది బుచ్చన్నే. ఆ మాట మత్తయికి మూడు రోజులుగా అన్నంలో రాయిలా పంటికి తగులుతూనే ఉంది. ఆ పొద్దున జక్రాన్‌పల్లి వాళ్ల ట్రాక్టరు కింద గోనెసంచి పరుచుకొని, వెల్లకిలా పడుకొని బోల్టు విప్పుతున్నప్పుడు కూడా దాన్నే నములుతున్నాడు. బుచ్చన్నకు పానా పట్టడం నేర్పింది ఎవరు? ఇంజను ఆగాక కూడా దాని వేడి ఏం చెబుతుందో చెయ్యి పెట్టి వినమన్నది ఎవరు? పన్నెండేళ్లు ఈ రేకుల షెడ్డులోనే తిని, ఈ షెడ్డులోనే పడుకొని, ఇప్పుడు మామిడిపల్లి చౌరస్తాలో అద్దాల దుకాణం పెట్టుకున్నాడు. 'టర్బో స్పెషలిస్టు' అని ఎర్రక్షరాల బోర్డు కూడా రాయించుకున్నాడు. రాయించుకోనీ. కానీ ఎడమ చెవి జర మందగించినంత మాత్రాన గురువును చెవిటోడని అనొచ్చునా?

మత్తయికి నలభై తొమ్మిదేళ్లు. మిషన్ బడిలో అయిదో తరగతితో చదువు ఆగింది. నాన్నకు పాలేరుతనం, తనకు లారీల కింద బతుకు. గోళ్ల సందుల్లోని నలుపు పండగపూట చర్చికి పోయేటప్పుడు కూడా వదలదు. పేపర్లో పడే పని ఒక్కటీ చేయలేదు. కానీ పెర్కిట్ చడావు ఎక్కుతున్న లారీ చప్పుడు విని, అది ఏ ఊరి బరువు మోస్తున్నదో, ఎన్నో గేరులో ఆయాసపడుతున్నదో చెప్పేవాడు. చెప్పేవాడు, అంతే. ఇప్పుడు పొడుగాటి స్క్రూడ్రైవరు కొసను ఇంజనుకు ఆనించి, పిడిని పళ్ల మధ్య పట్టుకొని వింటాడు. పళ్లకు చెవుడు రాలేదు.

షెడ్డు ముందు ఒక తెల్ల బండి నిలబడి ఉంది. బొంబాయిలో ఎవరో గల్ఫ్ సేటు వాడి వదిలేసిన జపాన్ డీజిల్ కారు. రంగు సున్నంలా పొడిబారిపోయింది. దాని పక్కన బోర్లించిన ఆయిలు డబ్బా మీద వేల్పూరు మంగవ్వ కూర్చొని ఉంది. నలభై దాటిన మనిషి. అరచేతులకు పసుపు రంగు చర్మంలోకి దిగిపోయి ఉంది. మొగుడు భూమయ్య ఆరేళ్లు షార్జాలో డ్రైవరుగా చేసి, ఆ సంపాదనతో కొంత చేను, ఈ బండి కొన్నాడు. గల్ఫ్ పోయేవాళ్లను బొంబాయి దాకా చేర్చి వస్తాడు. ఇంటికి అన్నం పెట్టేది ఈ బండే.

"అన్నా, జర మా బండి చూడరాదే" అంది మంగవ్వ. "పొద్దుగాల ఆయినె ఈడ దించి బుచ్చన్న స్కూటరెక్కి పోయిండు. కాయితం రాయిస్తున్నరు."

"ఏం కాయితం?"

"ఇరువై గుంటలు, అరెకరం చేను అమ్ముతున్నడే. బుచ్చన్న బావమరిదే కొంటున్నడు. బండి నల్లపొగ కక్కుకుంట గుంజుతలేదు, టర్బో ఖతమైందట. కొత్తది హైదరాబాద్ నుంచి బుచ్చన్నే తెప్పిచ్చిండు, ఆ పైసలు కట్టాలె. నేను మస్తు కొట్లాడిన. కొట్లాడితే ఏమన్నడో తెలుసా? 'మత్తయ్యన్న బండి నడిపిచ్చి చూపిస్తే కాయితం ఆపుత, లేకుంటె ఏలుముద్ర ఏస్త' అన్నడు. నీ చేతులనే ఉన్నదే."

మత్తయి ట్రాక్టరు కింది నుంచే అడిగాడు.

"బండి పాడై ఎన్నొద్దులాయె?"

"పది, పన్నెండొద్దులాయె."

"మరి పన్నెండొద్దుల సంది మత్తయి యాదికి రాలే?"

మంగవ్వ తల దించుకుంది. ఆమె అలా తల దించుకోవడం మత్తయికి హాయిగా ఉంది. అందరినీ తిరిగి, అన్ని గడపలూ తొక్కి, కడకు చెవిటోడి దగ్గరికి వచ్చారు.

"కూసో. శేతిల పని ఇడిసి లేస్తరా ఎవరన్న? పెండ్లోళ్ల ట్రాక్టర్ ఇది. ఆల్లు ఎదురుచూస్తరు."

అబద్ధం కాదు, ట్రాక్టరు పెళ్లివాళ్లదే. కానీ అది సాయంత్రానికి అందితే చాలునని వాళ్లు చెప్పే పోయారు. పసుపు అమ్ముడై చేతిలో నాలుగు రూకలు ఆడే రోజులు కనుక, ఆ వారం ఊరూరా పెళ్లిళ్లే. పొద్దుటి నుంచి రోడ్డు మీద బ్యాండు మేళాలు ఒకదాని వెనుక ఒకటి పోతున్నాయి. మత్తయికి లెక్క ఉంది: రిజిస్ట్రేషను ఆఫీసులో ఈ సీజన్లో జనం కిటకిటలాడతారు, పేరు పిలిచేసరికి నాలుగు దాటుతుంది. మధ్యాహ్నం దాకా ఆమెను కూర్చోబెట్టినా నష్టం లేదు. నష్టం లేకుండా కాస్త కోపం తీర్చుకోవడంలో తప్పేముంది?

బోల్టులు తీసి కడిగాడు. కడిగినవాటినే మళ్లీ కడిగాడు. మంగవ్వ నాలుగుసార్లు లేచి రోడ్డు దాకా పోయి, ఎండను చూసి వచ్చి కూర్చుంది.

ఒంటిగంటకు పెళ్లాం ఆశమ్మ సద్ది తెచ్చింది. పొద్దంతా బీడీలు చుట్టి వంగిపోయిన వెన్నుతోనే వచ్చింది. మంగవ్వను చూసి సంగతి అడిగి తెలుసుకుంది. మొగుడి ముందు టిఫిన్ డబ్బా పెట్టి, మూత తీయకుండా దాని మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"ఏమయ్యో, ఆడిమనిషి పొద్దటి సంది నోట్ల చుక్క నీళ్లు పోసుకోకుండ కూసున్నది. నీకు బువ్వ ఎట్ల మింగుడువడతది?"

"నీకెందుకే. బుచ్చన్న తాన్నే కూసోమను."

"బుచ్చన్న మీది కోపం బుచ్చన్న మీదనే తీసుకో. గీమె మీద తీసుడు మగతనమా? నడువ్, గా బండి చూసినంకనే నీకు బువ్వ."

మత్తయి చేతులు తుడుచుకొని లేచాడు.

బానెట్టు ఎత్తాడు. స్టార్టు చేసి వెనక్కి పోయి పొగ చూశాడు. నల్లటి పొగ. ఆయిలు కొలిచే కడ్డీ మీద గీత సరిగ్గానే ఉంది. ఇంజనులోకి గాలి నెట్టే టర్బో సీలు పోతే ఆయిలు కాలి పొగ నీలంగా రావాలి, ఆయిలు తగ్గాలి. ఇక్కడ డీజిల్ సగం కాలి బయటికి వస్తున్నది. అంటే ఇంజనుకు తిండి ఉంది, గాలి లేదు. బండి ఆపి, టర్బో నోటికి ఉన్న రబ్బరు గొట్టం విప్పి వేలు పెట్టాడు. నత్తగుల్లలా చుట్టుకున్న ఆ ఇనుప డబ్బీలో చిన్న రెక్కల చక్రం వేలి తాకిడికే గిర్రున తిరిగింది. రెక్కలు ఎక్కడా విరగలేదు, గోడకు రాసుకున్న గుర్తు లేదు. ఇరుసును ముందుకూ వెనక్కీ లాగి చూశాడు. కదల్లేదు. గొట్టంలో ఆయిలు తడి కూడా వేలి కొసకు అంటినంతే.

"దీని పానం గట్టిగనే ఉన్నది" అన్నాడు తనలో తానే.

గొట్టం మళ్లీ బిగించి, బండి స్టార్టు చేశాడు. "చెల్లె, నువ్వెక్కి కూసో. కుడికాలు కింద తొక్కుడుబిళ్ల ఉంటది. తొక్కుమంటే తొక్కు."

"నేనా? నాకేమొస్తదే?"

"పసుపు పాలిష్ డ్రమ్ము తిప్పినవు గద జిందగంత. గిదేం బరువు లేదు."

మంగవ్వ చెప్పులు విడిచి, గుడిలోకి పోయినట్టు బండెక్కి, మట్టెల కాలు పెట్టి తొక్కింది. ఇంజను మూలిగింది. మత్తయి స్క్రూడ్రైవరు కొసను టర్బో మీద ఆనించి పిడిని పళ్లతో కరిచాడు. సన్నటి ఈల పుర్రెలోకి ఎక్కింది. గరగర లేదు, గీకుడు లేదు. అప్పుడు ఇందాక బిగించిన గొట్టం కంట పడింది. గాలి పెట్టెకూ టర్బోకూ నడుమ ఉన్న మెత్తటి రబ్బరు గొట్టం, మంగవ్వ తొక్కినప్పుడల్లా బుగ్గలు పీల్చుకున్న ముసలి ముఖంలా లోపలికి అణిగిపోతున్నది. చాతనైనంత పీలుస్తున్నది పాపం, ముందు నుంచి గాలి రావడం లేదు.

బండి ఆపి గాలి పెట్టె విప్పాడు. లోపలి ఫిల్టరు కొత్తది. బుచ్చన్న మార్చినట్టున్నాడు. అక్కడితో ఆగిపోయాడన్న మాట. పెట్టె నుంచి ముందు లాంపు వెనుక దాకా పోయే ప్లాస్టిక్ మెడను మత్తయి ఊడబెరికి లోపలికి చెయ్యి జొనిపాడు. వేళ్లకు తడిమట్టి లాంటిది తగిలింది. లాగితే పిడికెడంత ముద్ద వచ్చింది. పసుపు దుమ్ము, నూనె, నీళ్లు కలిసి గచ్చులా గట్టిపడిన గుడ్డ. దాని అంచుకు ఆకుపచ్చ జరీ.

మంగవ్వ బండి దిగి వచ్చి చూసింది. ముఖం వెలవెలబోయింది.

"అయ్యో, గిది నా పాత చీర కొంగే!"

పసుపు ఆరాక కొమ్ములను ఇనుప డ్రమ్ములో వేసి తిప్పి పాలిష్ చేస్తారు. ఆ పదిరోజులు కల్లం మీద పచ్చటి దుమ్ము లేస్తుంది. ఆడవాళ్లూ మగవాళ్లూ ముక్కుకు గుడ్డ కట్టుకోనిదే అక్కడ నిలవలేరు. భూమయ్య బండిని కల్లం పక్కనే పెట్టి కడిగేటప్పుడు బానెట్టు ఎత్తి, "గిది దీని ముక్కు, గిక్కడికెల్లి గాలి పీలుస్తది" అని ఒకసారి పెళ్లానికి చూపించాడట.

"అందరికి కట్టినట్టె దీనికి గూడ కట్టిన అన్నా. దుమ్ము పోతే దీనికి దగ్గొస్తదనుకున్న. మూడు పొరలు మలిచి కట్టిన. ఆయినెకు చెప్పలే, మతికే లేదు."

మత్తయి నవ్వాడు. చాలా రోజుల తరువాత, లోపలి నుంచి వచ్చిన నవ్వు. "నువ్వు కట్టినవు. అది లోపటికి గుంజుకున్నది. పిలగాడు కొంగు నోట్లె వెట్టుకున్నట్టు. గింతే. దీనికి గా బుచ్చన్నగాడు ఇరువై గుంటలు అడిగిండు!"

మెడ బిగించి తాళం తిప్పాడు. ఈల శుభ్రంగా లేచింది. మంగవ్వను పక్కన కూర్చోబెట్టుకొని రోడ్డెక్కాడు. బండి చిన్నగా తొక్కితేనే ముందుకు దూకుతున్నది. రెండు నలభై అవుతున్నది. బోలెడు టైముంది. ముందు ఒక పెళ్లి ఊరేగింపు అడ్డం వచ్చింది. మరో సందులో ఇంకొకటి. అది దాటుతుండగా మత్తయికి తన లెక్క తప్పిందేమోనని తట్టింది. ఇంతమంది పెళ్లిళ్లలో ఉంటే ఆఫీసులో ఎవరుంటారు?

ఎవరూ లేరు. వేపచెట్టు కింద దస్తావేజులు రాసేవాడు ఒక్కడే ముఖం మీద తువ్వాలు వేసుకొని పడుకున్నాడు. భూమయ్య మెట్ల మీద కూర్చొని, బొటనవేలి నీలిరంగును గోడకు రుద్దుకుంటున్నాడు. పక్కన బుచ్చన్న నిలబడి ఉన్నాడు.

"జనమే లేరు మత్తయ్యన్నా" అన్నాడు భూమయ్య. "పన్నెండున్నరకే పిలిచిన్రు. పది నిమిషాలల్ల అయిపోయింది." తరువాత బండి చప్పుడు విన్నాడు. మంగవ్వ చేతిలోని గుడ్డ చూశాడు. డ్రైవరు కదా, అర్థమైంది.

మత్తయి బుచ్చన్న మీదికి పోయాడు. "పైపుల చెయ్యి పెట్టనీకి చాతకాలేదురా నీకు?"

"ఫిల్టర్ మార్చి చూసిన. తగ్గలే. టర్బో అనుకున్న. తప్పయింది." బుచ్చన్న గొంతు తగ్గింది. "మనిషన్నంక తప్పయితది అన్నా. గని, నీ తాన బండి పొద్దటి సంది ఉన్నది గద. పన్నెండు దాంక ఏం జేసినవ్?"

ఆ మాట మత్తయికి కుడి చెవిలోనూ పడింది, ఎడమ చెవిలోనూ పడింది.

బుచ్చన్న బావమరిది కాగితం వెనక్కి ఇవ్వలేదు. హైదరాబాద్ దుకాణం కొత్త టర్బోను వాపసు తీసుకోలేదు. చేను పోయాక ఒక్క బండి కిరాయిలతో ఇల్లు గడవలేదు. శ్రావణంలో భూమయ్య బండిని మోర్తాడ్ మనిషికి అమ్మేసి, మస్కట్‌కు వీసా తెచ్చుకున్నాడు. పోయే రోజు అదే బండిలో, వెనుక సీటులో కూర్చొని షెడ్డు ముందు ఆగాడు. దిగి, ఆ కొత్త టర్బో ఉన్న చెక్కపెట్టెను మత్తయి బల్ల మీద పెట్టాడు.

"నీ తాన్నే ఉండనీ అన్నా. ఎవనికన్న పనికొస్తే ఇయ్యి."

"నేను పొద్దుగాలనే చూసుంటే..." అన్నాడు మత్తయి.

"పోనీయే" అన్నాడు భూమయ్య, అతని భుజం మీద చెయ్యి వేసి. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉంది. తరువాత బండి పెర్కిట్ చడావు ఎక్కింది. సన్నటి ఈల చాలాసేపు వినపడింది.

ఆర్మూరులో అలాంటి బండి మరొకటి లేదు. మత్తయి ఆ పెట్టెను విప్పలేదు, అమ్మలేదు. వారానికొకసారి పసుపు మార్కెట్ యార్డు నుంచి వచ్చి దాని మీద పడ్డ దుమ్మును అరచేత్తో తుడుస్తాడు. చుట్టూ బిగించిన రేకుపట్టీ కూడా తెగలేదు. లోపల, మైనపు కాగితంలో చుట్టుకొని, వేల్పూరు శివారులో ఇరవై గుంటల పసుపు చేను.