మొహాల రంగు

“అమ్మా, అడ్డు లే! ఇదేమన్నా నీ ఫ్యాక్టరీ అనుకున్నావా?” అంది ఉష.

మీనాక్షి కదల్లేదు. టీవీ ముందు వంగి కలర్ నాబ్ తిప్పుతూనే ఉంది. “మొహాలు ఆకుపచ్చగా ఉంటే ఎలా చూస్తావే?”

“నేను మొహాలు చూడట్లేదు. వింటున్నా.”

మధ్యాహ్నం సీరియల్‌ని వీసీఆర్‌లో రికార్డ్ చేసుకుని, రాత్రి చూసి, మర్నాడు ఆఫీస్‌కి వెళ్ళేముందు మళ్ళీ చూడడం ఉషకి అలవాటు. కాలేజీ అయి ఇన్సూరెన్స్ కంపెనీలో చేరాక అది ముదిరింది. తన ఈడువాళ్ళు, మంచి ఉద్యోగాలూ కొత్త కార్లూ ఉన్నవాళ్ళు, ఆ సీరియల్లో రోజూ దేనికో దిగులు పడుతుంటారు.

“అన్నీ అమరాక ఏడుపేమిటో,” అన్నాడు రాధాకృష్ణ టై బిగించుకుంటూ. భార్యవైపు తిరిగాడు. “లైన్ లీడర్ పోస్ట్ ఇస్తామంటున్నారుగా, రేపు ఎస్ చెప్పేయ్. స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇల్లు చూద్దాం.”

“మనలో ఈత ఎవరికొచ్చండీ?”

షికాగో శివార్లలో టీవీలు తయారుచేసే ఫ్యాక్టరీ అది. మీనాక్షి పని రంగులు సరిచూడడం. బెల్టు మీద వచ్చే ప్రతి టీవీకీ వెనక నిలబడి, ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో లోపలి మరలు సవరించాలి. తెర అవతలివైపు ఉంటుంది కనక, ఎదురుగా బిగించిన అద్దంలో బొమ్మ చూసుకోవాలి. ధ్వని పరీక్ష వేరేచోట. ఇక్కడ టీవీలన్నీ మూగవే. మధ్యాహ్నానికల్లా మడమలు మొద్దుబారి, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

ఆ మధ్యాహ్నం అద్దంలో ఉష చూసే సీరియల్ వచ్చింది. పెద్ద వంటింట్లో ఓ అమ్మాయి కారు తాళాలు బల్ల మీద పెట్టి ఏదో చెబుతోంది. చెంపల్లో ఎరుపెక్కువ. మీనాక్షి తగ్గించింది. తర్వాతి టీవీలోనూ అదే అమ్మాయి, ఇంకా చెబుతూనే ఉంది.

ఏమంటోంది? ఇన్నేళ్ళలో మీనాక్షికి ఎన్నడూ రాని సందేహం. చెయ్యి ఆగింది. ఆ టీవీ సవరణ లేకుండానే ముందుకు పోయింది.

రాత్రి భోజనాల దగ్గర ఉష టేప్ పెట్టింది. ఆ అమ్మాయి మొహం కాస్త ఆకుపచ్చగానే ఉంది. మీనాక్షి లేవలేదు. చారన్నం కలుపుకుంటూ వింది. అందరూ కావాలన్నవన్నీ కొనుక్కున్నాననీ, నీకేం కావాలని ఎవరూ అడగలేదనీ, తనని తానూ అడగలేదనీ అంటోంది ఆ అమ్మాయి. తాళాలు అక్కడే వదిలి వెళ్ళిపోయింది.

“బంగారంలాంటి కారు!” అన్నాడు రాధాకృష్ణ.

“రేపు ఆ పోస్ట్ వద్దని చెప్తాను,” అంది మీనాక్షి. “ఉన్న పనీ మానేస్తున్నానండీ.”

“ఏంటీ, సీరియల్ చూసా?”

“ఇన్నేళ్ళూ ఈ పిల్లల రంగు దిద్దుతూ నిలబడ్డాను. ఏమంటున్నారో ఇవాళే విన్నాను.”

ఉష టేప్ ఆపేసింది. “మరేం చేస్తావమ్మా?”

“తెలీదు. ముందు కాసేపు కూచుంటా.”

జేబులోంచి ఏదో తీసి బల్ల మీద పెట్టి, కంచం పట్టుకుని లోపలికి వెళ్ళింది. నెయ్యిగిన్నె పక్కన ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్, కొన అరిగి తెల్లబడి, అలాగే ఉండిపోయింది.