కొండవైపు దూకు

ఫెర్గస్ టల్లక్ కథ వినని మనిషి ఆ లోయలో లేడు. వినడం ఇష్టం లేనివాళ్ళు కూడా విన్నారు. కుక్కల పందేల దగ్గర చెప్పాడు, ఉన్ని కత్తిరింపులు అయిపోయాక బీరు తాగే చోట చెప్పాడు, రెండు పెళ్ళిళ్ళలో ఎవరూ అడక్కుండానే చెప్పాడు. కథ పెద్దదేం కాదు. ఇరవై రెండేళ్ళ వయసులో పైకొండల నుంచి మెరినో గొర్రెల్ని దించుతుంటే, రాళ్ళ వాలు మీద అతని గుర్రం కాలు జారింది. ఫెర్గస్ రికాబుల్లోంచి కాళ్ళు లాక్కుని కొండవైపు దూకేశాడు. గుర్రం దొర్లుకుంటూ పోయి కింద వాగులో పడింది. అతనికి మోకాలు గీరుకుపోయింది, అంతే.

"గుర్రం పోతే ఇంకో గుర్రం వస్తుంది. జారిందా, ఆలోచించకు. కొండవైపు దూకు." కథ ఎప్పుడూ ఈ మాటతోనే అయ్యేది.

అందరికంటే ఎక్కువసార్లు ఆ కథ విన్నవాడు అతని కొడుకు రోరీ. ఐదేళ్ళప్పుడు గొర్రెల దొడ్డి గోడ మీద కూర్చోబెట్టి, "జారింది" అని తండ్రి అరవగానే గడ్డిలోకి దూకడం నేర్చుకున్నాడు. రోరీ పోయి పద్దెనిమిది నెలలైంది.

ఏప్రిల్ చివరి వారం అది, ఆ దక్షిణ దేశంలో చలికాలం ముంగిట. పైకొండల మీద మంచు పడకముందే మందని కిందికి దించాలి, దానికింకా నాలుగు రోజులే ఉన్నాయి. రోరీ భార్య మార్నీ ఉన్ని కొట్టంలోంచి ఖాళీ గోనెసంచులు పట్టుకుని బయటికొచ్చేసరికి, పెరట్లో ఆగివున్న బండిలో ఫెర్గస్, టిల్లీ పక్కపక్కన కూర్చుని కనిపించారు. టిల్లీ ఆమె కూతురు, పదమూడేళ్ళది. బండి అంటే ఇప్పుడా కొండల్లో గుర్రం చేసే పని చేస్తున్న సైడ్-బై-సైడ్. నాలుగు చక్రాలు, ఇద్దరు కూర్చునే చోటు, వెనక చిన్న తొట్టి, తల చుట్టూ ఇనుప చట్రం. ఫెర్గస్ దానికి నెల్ అని తన ఆఖరి గుర్రం పేరు పెట్టాడు. పాత బండి రోరీతోపాటు పోయాక కొత్తదానికీ ఆ పేరే పెట్టాడు.

"నెల్ ఒరిగింది. ఏం చేస్తావు?" అన్నాడు ఫెర్గస్.

"బెల్టు పీకేస్తా. కొండవైపు దూకుతా."

"ఎంతసేపట్లో?"

"ఒకటి అనేలోపు."

"మా తల్లే. ఏదీ, చేసి చూపించు."

టక్కుమని బకిల్ ఊడింది. టిల్లీ ఎగిరి బయటపడి, నవ్వుకుంటూ మళ్ళీ ఎక్కింది. మళ్ళీ టక్కుమంది. మార్నీ చేతుల్లోంచి సంచులు జారిపోయాయి.

"టిల్లీ, లోపలికెళ్ళి ఓవెన్ చూడు. రొట్టె మాడుతోందేమో."

"ఇప్పుడే కదమ్మా పెట్టావు."

"వెళ్ళమన్నానా."

పిల్ల మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. మార్నీ బండి దగ్గరికొచ్చి చట్రం పట్టుకుని నిలబడింది.

"దానికి ఇదెందుకు నేర్పుతున్నారు మామయ్యా?"

"మొక్కై వంగనిది మానై వంగుతుందా? మంద దింపడానికి నీ పక్కసీట్లో వస్తానంటోంది. బెల్టు కట్టి కూచోబెట్టావంటే దాని నాన్నకి పట్టిన గతే దానికీను." ఫెర్గస్ గొంతులో కోపం లేదు. వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు. "వాడు దూకలేకపోయాడు మార్నీ. ఆ గుడ్డపీలిక వాణ్ణి పట్టుకుని వదల్లేదు. నువ్వే అన్నావుగా, కట్టుకునే ఉన్నాడని."

అవును, తనే అంది.

బెల్టు గొడవ ఆ లోయలో పాతదే. కట్టుకోకపోతే బండి కీచుకీచుమంటుంది, వేగం అందుకోనివ్వదు. నిమిషానికో గేటు దిగి తెరవాల్సిన మగవాళ్ళు దీనికి ఒక విరుగుడు కనిపెట్టారు. ఖాళీ సీటు మీంచి బెల్టు లాగి బకిల్‌కి తగిలించి, దాని మీద కూర్చుంటారు. బండి నోరు మూతపడుతుంది. ఇంత తెలివిని ఇంకో పనికి వాడుంటే ఆ లోయ ఏనాడో బాగుపడేది. రోరీ ఒక్కడే బుద్ధిగా కట్టుకునేవాడు, అదీ మార్నీ పోరు పడలేక. అందుకు తోటివాళ్ళు అతన్ని ఎన్ని మాటలన్నారో లెక్కలేదు.

రోరీ పోయిన మూడోరోజున విచారణకి వచ్చిన ఆఫీసరు వంటింట్లో మార్నీ ఎదురుగా కూర్చుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని, ఉన్నదున్నట్టు చెప్పాడు. మేకమెడ అనే ఏటవాలు దారిలో బండి కిందివైపుకి ఒరిగింది. స్టీరింగు ఎడమవైపు, కొండ కుడివైపు. రోరీ కట్టుకున్న బెల్టు తెగలేదు, జామ్ కాలేదు. బండి ఒరగడం మొదలవగానే అతనే తీసేశాడు, పక్కసీటు మీదుగా కొండవైపు దూకబోయాడు. సగం బయటికి వచ్చేసరికి బండి పల్టీ కొట్టి చట్రం అతని మీద పడింది. "సీటు చుట్టూ చట్రం కాస్త కూడా వంగలేదమ్మా. గూట్లో టీ ఫ్లాస్కు పెట్టింది పెట్టినట్టే ఉంది. కదలకుండా కూచునుంటే..." అని ఆపేశాడు ఆ పెద్దమనిషి.

ఆయన వెళ్ళాక ఫెర్గస్ గుమ్మంలోకి వచ్చాడు. మూడు రోజుల్లో పదేళ్ళు పైబడినట్టున్నాడు. "బెల్టు కట్టుకునే ఉన్నాడా?" అని ఒక్కటే అడిగాడు. "కట్టుకునే ఉన్నాడు మామయ్యా" అంది మార్నీ. మిగతాది నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ముఖం చూసి మింగేసింది. ముసలాయనకి ఎంతో కొంత మేలు చేశాననుకుంది. ఆ సగం మాటని ఆయన ఇన్నాళ్ళూ నీళ్ళుపోసి పెంచి, ఇవాళ తన పిల్ల చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రం చెప్పేద్దామని ఆయన గదికి వెళ్ళింది. ఫెర్గస్ తన కుక్క పట్టీకి కుట్లు వేస్తున్నాడు. మంచం పక్కన రోరీ ఫోటో ఉంది, పదేళ్ళప్పటిది, గోడ మీంచి గాల్లోకి దూకుతూ. నిజం చెబితే ఈ మనిషి బతికుండగానే చచ్చిపోతాడు. చెప్పకపోతే పిల్ల ఏదో ఒకరోజు తండ్రిలాగే దూకుతుంది. రెండూ స్పష్టంగానే తెలుస్తున్నాయి ఆమెకి. అయినా గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఏంటమ్మా?"

"రేపు పై గుడిసెకి సరుకులు తీసుకెళ్ళాలి. వస్తారా?"

"రాకేం?" అన్నాడు. టిల్లీని మందకి తీసుకెళ్ళనని ఆ రాత్రి మనసులో గట్టిగా అనుకుంది మార్నీ. ఈ ఏడాదికి సరే, వచ్చే ఏడాది ఏం చేయాలన్నది తేలలేదు.

పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. వెనక తొట్టిలో పిండి, బంగాళాదుంపలు, ఉప్పు పట్టించిన మాంసం, కుక్కల బిస్కెట్లు. బరువంతా కిందికీ ముందుకీ సర్ది, తాళ్ళు బిగించింది.

"మీరు కట్టుకుంటేనే తాళం తిప్పుతాను" అంది.

"నా వయసెంతో తెలుసా నీకు?"

"తెలుసు కాబట్టే."

గొణుక్కుంటూ కట్టుకున్నాడు. మార్నీ లో గేరులో వేసి, ఎక్కడా అడ్డంగా తిప్పకుండా, నిటారు చోట్ల నేరుగా ఎక్కిస్తూ, దారి కనబడని మలుపుల దగ్గర ఆపి, దిగి చూసి వచ్చి మళ్ళీ నడిపింది. రోరీ పోయాక ఆమె పట్టణం వెళ్ళి రెండు రోజులు నేర్చుకుని వచ్చింది ఇదంతా.

"నత్తకి నడక నేర్పేలా ఉన్నావు" అన్నాడు ఫెర్గస్.

"నత్త లోయలో పడిందని ఎక్కడా వినలేదు మామయ్యా."

ఆయనకి నవ్వొచ్చింది. చాలా రోజులకి నవ్వాడు.

గుడిసెలో సరుకులు దించి, ఫ్లాస్కులో టీ తాగి, చీజ్ రోల్స్ తిన్నారు. రేకు గోడల మీద మంద దింపిన వాళ్ళంతా ఏళ్ళ తరబడి మేకుతో గీసుకున్న పేర్లున్నాయి. ఫెర్గస్ పేరు కింద రోరీ పేరు, దాని కింద పదహారు గీతలు, ఏడాదికి ఒకటి చొప్పున. ముసలాయన ఆ గీతల మీద బొటనవేలు పెట్టి ఒక్కొక్కటే తడిమాడు. మార్నీ కప్పులు కడిగే వంక పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

తిరుగుదారిలో మేకమెడ దగ్గరికి వచ్చేసరికి ఎండెక్కింది. పొద్దున రాయిలా గడ్డకట్టిన దారి పైపైన కరిగి జిగటగా ఉంది. కొండ కుడివైపు, లోయ ఎడమవైపు, మార్నీ వైపు. అక్కడికొస్తే ఇద్దరూ మాట్లాడుకోరు. సగం దాటారో లేదో, ఎడమ వెనక చక్రం కింద అంచు కూలింది. బండి మెల్లగా, ఎంతో తీరిగ్గా ఒరగడం మొదలుపెట్టింది.

టక్కుమంది.

ఆ వెంటనే ఆమె కోటు భుజాన్ని ఒక పిడికిలి పట్టి లాగింది. "దూకు!"

"కదలకండి" అంది మార్నీ. అది తన గొంతేనా అని ఆమెకే అనిపించింది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, స్టీరింగుని లోయవైపుకే తిప్పింది. మనసంతా కొండవైపు తిప్పమంటుంటే చేతులు నేర్చుకున్నదే చేశాయి. ఒరిగిపోతున్న బండి ముక్కు వాలులోకి తిరిగింది, నాలుగు చక్రాలూ నేలని పట్టుకున్నాయి. బ్రేకు తాకీతాకనట్టు నొక్కుతూ ఒక ముప్పై అడుగులు దింపింది. దుబ్బుగడ్డి గుంపుల్లో బండి ఆగింది. ఇంజను మామూలుగానే కొట్టుకుంటోంది.

ఫెర్గస్ ఆమె కోటు వదిలి, రెండో చేతిలోకి చూసుకున్నాడు. ఆ చేతిలో ఊడిన బెల్టు కొస ఉంది.

"ఇదెప్పుడు తీశాను నేను?" అన్నాడు.

మార్నీ ఇంజను ఆపింది.

"తీద్దామని అనుకోనైనా అనుకోలేదు. చెయ్యే తీసేసింది." ఆ కొస వంకే చూస్తున్నాడు. చూస్తుండగా అతని ముఖం మారిపోవడం మార్నీ చూసింది. అది ఆమె జన్మలో మరిచిపోయేది కాదు. "మార్నీ. వాడి బెల్టు ఎవరు తీశారు?"

ఇంకో సగం మాటకి అప్పటికీ చోటుంది. అది కూడా నోటిదాకా వచ్చింది. పెరట్లో నవ్వుకుంటూ బయటికి ఎగిరిన టిల్లీ కళ్ళముందు కదిలింది.

"తనే తీసుకున్నాడు మామయ్యా."

"కొండవైపా?"

"కొండవైపే."

"కూచునుంటే?"

"బతికేవాడు." అంది మార్నీ. "ఫ్లాస్కు కూడా పగల్లేదు."

ఫెర్గస్ ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది ఆమెకి. బెల్టు కొస తీసుకుని బకిల్‌లో పెట్టబోయాడు. సందు దొరకలేదు. మళ్ళీ పెట్టబోయాడు. మూడోసారి మార్నీ ఆ చేతిని పక్కకి జరిపి, తనే తగిలించింది.

"నాకు అప్పుడే చెప్పాల్సింది" అన్నాడు.

"చెప్పాల్సింది. మీరు తట్టుకోలేరనుకున్నాను."

"తట్టుకోలేను." అన్నాడు. "పద. పిల్ల బడి నుంచి వచ్చే వేళైంది."

ఇల్లు చేరాక ఫెర్గస్ లోపలికి రాలేదు, టీ అడగలేదు. బండి పెరట్లో ఉంటే దాని పక్కనే నిలబడి ఉన్నాడు. స్కూలు బస్సు దిగి టిల్లీ గేటు తోసుకుని వస్తుంటే పిలిచాడు. సంచీ కింద పడేసి ఎక్కింది. తనే బెల్టు లాగి ఆమెకి కట్టి, అది బిగువుగా ఉందో లేదో రెండుసార్లు చూసి, తనూ పక్కన కూర్చుని కట్టుకున్నాడు.

"నెల్ ఒరిగింది. ఏం చేస్తావు?"

"బెల్టు పీకి..."

"కాదు. ముందున్న కడ్డీ పట్టుకో. చేతులు లోపలే ఉండాలి, కాళ్ళు కిందికి నొక్కు. బెల్టు జోలికి పోకు. కూచో. ఆకాశం కింద పడ్డా కూచునే ఉండు."

"నిన్న దూకమన్నావుగా."

"నిన్న తప్పు చెప్పాను."

తాత నోట ఆ మాట టిల్లీ ఎన్నడూ వినలేదు. ఆయన వంక వింతగా చూసింది. ఆయన "ఒరిగింది" అన్నాడు. పిల్ల చెయ్యి దానంతటదే బకిల్ మీదికి పోయింది. ఆయన ఆ చేతిని తీసి కడ్డీ మీద పెట్టాడు. "ఒరిగింది." మళ్ళీ పోయింది, మళ్ళీ తీసి పెట్టాడు. దండెం దగ్గర బట్టలు తీస్తూ మార్నీ లెక్కపెట్టింది. తొమ్మిదోసారికి గానీ చెయ్యి కడ్డీకి పోలేదు.

"తాతా" అంది టిల్లీ. "ఇది నాన్నకి ఎవరూ చెప్పలేదా?"

మార్నీ చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. ఏదో ఒకటి అని ఆయన్ని కాపాడదామని నోరు తెరిచింది. ఆమెకంటే ముందే ఫెర్గస్ అందుకున్నాడు.

"నేను చెప్పాను తల్లీ. వాడికి ఐదేళ్ళప్పటి నుంచి చెప్పాను, దూకమని. వాడు చాలా మంచి పిల్లాడు. నేనేం చెబితే అదే చేశాడు."

టిల్లీ కడ్డీ మీంచి ఒక చెయ్యి తీసి తాత చేతి మీద పెట్టబోయింది. ఆయన ఆ చేతిని పట్టుకుని, మెల్లగా తీసి మళ్ళీ కడ్డీ మీదే పెట్టాడు.

"ఒరిగింది" అన్నాడు. "ఏం చేస్తావు?"

"కూచుంటా తాతా."

"మళ్ళీ చెప్పు."