లోపల మడిచిన గుడ్డ

లిఫ్టు తలుపు తెరుచుకోగానే అతను పక్కకి తిరిగి లోపలికి అడుగు పెట్టాడు. అలా తిరగవలసిన అవసరం పోయి ఎనిమిది నెలలైంది. అయినా ఒళ్ళు వినదు. ఎడమ భుజం ముందుకి, పొట్ట లోపలికి, ఊపిరి బిగపట్టి, ఆ తర్వాత కుడికాలు. పదకొండేళ్ళుగా అదే వరస. తీరా లోపలికి వచ్చాక చూస్తే అటూ ఇటూ మూరెడేసి ఖాళీ.

గుడ్డతో స్టూలు తుడిచాడు. అది స్టూలనటమే గాని, ఆసుపత్రి వడ్రంగి పాత మంచపు పట్టెలు కోసి అతని కొలతకి చేసిపెట్టిన బల్ల. ఇద్దరు సుఖంగా కూర్చోవచ్చు. ఇప్పుడతను ఒక కొసన కూర్చుంటాడు. రెండో కొసన టిఫిను డబ్బా, మందుబిళ్ళల పెట్టె, స్వెట్టరు. సన్నబడ్డాక చలి ఎక్కువైంది. నెత్తిమీద తిరిగే చిన్న ఫ్యాను గాలి వెనకటికి చాలేది కాదు, ఇప్పుడు ఎముకల్లోకి దిగుతోంది.

మీటల పైన ఇత్తడి రేకు మీద రాసి ఉంటుంది: ఎనిమిది మంది, ఐదువందల నలభై నాలుగు కిలోలు. అంటే మనిషికి అరవై ఎనిమిది. ఆపరేషనుకి ముందు అతను నూట ముప్పై ఆరు. ఈ లెక్క కట్టింది ఎక్స్‌రే గదిలో పనిచేసే ఆయన. "ఓహో, అయితే బాబాయ్ రోజూ సతీసమేతంగా డ్యూటీకొస్తున్నాడన్నమాట!" అని లిఫ్టంతా వినపడేలా అన్నాడు. అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా అతనే నవ్వాడు.

ఇప్పుడు ఎనభై నాలుగు. ఎక్స్‌రే ఆయన ఫోను చూసుకుంటూ ఎక్కి, ఫోను చూసుకుంటూ దిగిపోతాడు.

ఇవాళ సాయంత్రం నాలుగింటికి నాలుగో అంతస్తులో అతను మాట్లాడాలి. బరువు తగ్గటానికి కడుపు ఆపరేషను చేయించుకున్నవాళ్ళూ, చేయించుకోబోయేవాళ్ళూ రెండు వారాలకొకసారి అక్కడ కూర్చుంటారు. ఎవరో టైపిస్టట, కొత్తావిడ. చేయించుకునేదీ లేనిదీ రేపు పొద్దున డాక్టరుకి చెప్పాలి. చేయించుకున్న మనిషితో ఒకసారి మాట్లాడాలంది. ఇలాంటి మాటలు ఎప్పుడూ, అతనికన్నా ముందే చేయించుకున్న టైలరక్కే చెప్పేది. ఈసారి మాత్రం, "నువ్వు చెప్పు తమ్ముడూ" అని ఫోను పెట్టేసింది.

ఏం చెప్పాలో అతనికి తెలియటం లేదు. తను చెప్పేదాన్ని బట్టి ఒక మనిషి కడుపు కోయించుకుంటుంది, లేదా మానేస్తుంది. పొద్దున డబ్బా సర్దుతూ భార్య కూడా అదే అడిగింది.

"ఏం చెప్తారేమిటి ఆవిడకి?"

"ఏమో."

"బాగుందని చెప్పండి. లేకపోతే బాగోలేదని చెప్పండి. ఏమో అంటే ఆవిడేం చేసుకుంటుంది?"

"నీకేమనిపిస్తోంది?"

"నాకా?" ఆమె డబ్బా మూత గట్టిగా నొక్కింది. "గురక లేకపోతే నాకు నిద్ర పట్టటం లేదు. మధ్యలో లేచి ముక్కు దగ్గర వేలుపెట్టి చూసుకుంటున్నాను, ఉన్నారా లేరా అని. అది కూడా చెప్పండి ఆవిడకి."

ఆ డబ్బాలో సగం గుడ్డు, నాలుగు చెంచాల పప్పు ఉంటాయి. వెనకటి నాలుగు గిన్నెల క్యారియరు వంటింటి అటక మీద ఉంది. ఆమె దాన్ని ఎవరికీ ఇవ్వలేదు, తోమటమూ మానలేదు.

పదిన్నరకి ఒక పెద్దాయన ఎక్కాడు. మూడునెలలకొకసారి కళ్ళ పరీక్షకి రెండో అంతస్తుకి వస్తాడు. చేతికర్ర గోడకి ఆనించి, స్టూలు వంక చూశాడు.

"ఇక్కడ లావుపాటాయన ఉండేవాడే, ఏమయ్యాడు బాబూ?"

అతను మీట మీద వేలు అలాగే ఉంచాడు. నేనేనండీ అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఇంతకాలం ఎరిగిన మనిషి ముందు, 'నువ్వాయనవి కాదు' అనిపించుకోవటం కంటే తప్పుకోవటమే మర్యాదనిపించిందో ఏమో.

"మానేశాడండి."

"అయ్యో. మంచివాడు. నేనెక్కితే చాలు, 'మీరు దూదిపింజ, మీకు లెక్కేమిటి, ఎక్కండి' అనేవాడు. ఆరోగ్యం అదీ బాగానే ఉందా?"

"బాగానే ఉన్నాడండి."

"నేనడిగానని చెప్పండి."

"చెప్తానండి."

పెద్దాయన దిగిపోయాక తలుపు మూసుకుంది. లోపలి అద్దంలో బుగ్గలు జారిన ఎవరో మనిషి, యూనిఫారం చొక్కాలో. దూదిపింజ అన్నమాట తను ఎప్పుడన్నాడు? ఆఖరిసారి ఎవరిని నవ్వించాడు? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆ లావుపాటాయన మీద అతనికి బెంగ పుట్టింది. ఆయన ఎక్కడున్నాడో కనుక్కోవాలనిపించింది.

ఇదంతా ఒక ముసలమ్మతో మొదలైంది. రెండేళ్ళ కిందట, లిఫ్టు నిండుగా ఉన్నప్పుడు ఆఖర్న ఆవిడ ఎక్కింది. బరువు మించితే మోగే బజరు కుయ్యిమంది. ఆవిడ ఎవరూ ఏమీ అనకముందే, "తప్పయిపోయింది నాయనా" అని దిగి, మోకాలు పట్టుకుని మెట్లెక్కసాగింది. చూస్తే నలభై కిలోలుంటుందేమో. తలుపు మూసుకుంది.

అప్పుడు అతని చెవి దగ్గర ఎవరో నెమ్మదిగా, "ఆవిడెక్కితే మోగలేదు, నువ్వున్నావని మోగింది" అన్నారు. మెడలో కొలతల టేపు వేసుకున్న ఒక యాభై అయిదేళ్ళావిడ. అతనికి మొహం మాడిపోయింది. "కోపం తెచ్చుకోకు. నేనూ అలాంటిదాన్నే. నాలుగో అంతస్తు వచ్చినప్పుడు ఒకసారి నువ్వూ దిగు." తొమ్మిదేళ్ళుగా అందరినీ నాలుగో అంతస్తులో దింపుతున్నాడే గాని తను అక్కడ దిగలేదు. ఆ వారం దిగాడు.

టైలరక్క అతనికి మంచీ చెడ్డా రెండూ చెప్పింది. చేయించుకోమనలేదు, వద్దనలేదు. ఆమెకి నలభై కిలోలు తగ్గి, మూడో ఏట పదిహేను తిరిగొచ్చాయి. ఆ మాట అందరి ముందూ చెప్పేది. "తిరిగొచ్చాయి. తలుపు తీశాను, ఏం చేస్తాను?" ఆపరేషను అయ్యాక అతని ప్యాంట్లు ఆమే బిగించి కుట్టేది. ఇప్పటికి మూడుసార్లు. వెనక జేబులు రెండూ జరిగి జరిగి మధ్యలో ఒకదానికొకటి ఆనుకున్నాయి. రుమాలు కోసం చెయ్యి పెడితే ఏ జేబులోకి వెళ్తోందో తెలియదు.

మిగిలిన గుడ్డ మాత్రం ఆమె కత్తిరించదు. లోపలికి మడిచి కుడుతుంది. నడుస్తుంటే ఆ మడత తొడకి రాసుకుంటుంది. ఒకసారి విసుక్కున్నాడు.

"కోసెయ్యక్కా. మళ్ళీ లావవుతాననా?"

"అవుతావని కాదు, అవ్వవని కాదు. గుడ్డ నీది. ఉండనీ."

ఒంటిగంటకి లిఫ్టు కింది అంతస్తులో ఆపి, తలుపు దగ్గర 'భోజన విరామం' అట్ట తగిలించి, ఫోను స్టూలు మీద పెట్టాడు. ఇది టైలరక్కకీ అతనికీ మధ్య రోజూ జరిగేది. సరిగ్గా ఒంటిగంటకి ఆమె ఫోను చేస్తుంది. ఎక్కువ మాటలుండవు. ఒక చెంచా నోట్లో పెట్టుకుని, చెంచా కింద పెట్టి, నమలాలి. ఆమె ప్లేటు మీద చెంచా చప్పుడు ఇతనికీ, ఇతని డబ్బా చప్పుడు ఆమెకీ వినపడాలి. ఇరవై నిమిషాలు. "కింద పెట్టావా?" "పెట్టానక్కా." "వినపళ్ళేదే!" మధ్యలో నీళ్ళు తాగకూడదు. తాగాలనిపిస్తే చెప్పాలి, ఆమె తిడుతుంది.

ఇవాళ ఒంటిగంటయింది. అయిదు నిమిషాలు చూసి తనే చేశాడు. మోగి మోగి ఆగిపోయింది.

పెళ్ళిబట్టల పని ముంచుకొచ్చిందేమో అనుకుని తినటం మొదలుపెట్టాడు. చూసేవాళ్ళూ వినేవాళ్ళూ లేక ఏడు నిమిషాల్లో డబ్బా ఖాళీ అయింది. గుండె కింద ముద్ద అడ్డంపడి, బిగుసుకుపోయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లేచి వరండాలో అటూ ఇటూ నడిచాడు. అది దిగాక లోపల ఇంకేదో మిగిలింది. ఆకలా? నీళ్ళు చాలకనా? ఆ ఆపరేషను అయిన దగ్గర్నుంచీ ఆకలీ, దాహమూ, దిగులూ ఒకేచోట పుడుతున్నాయి, ఏది ఏదో తెలిసి చావదు.

నాలుగింటికి అయిదు నిమిషాలుందనగా నాలుగో అంతస్తు మనుషులు వచ్చారు. నలుగురు ఎక్కి సర్దుకున్నారు. అందులో సగం మంది ఇంకా ఆపరేషను కానివాళ్ళు. ఆఖర్న ఒకావిడ, చేతిసంచీ రొమ్ముకి హత్తుకుని, పక్కకి తిరిగి, ఊపిరి బిగపట్టి కాలు పెట్టింది. ఆ పెట్టటం చూసి అతను గుర్తుపట్టాడు. టైపిస్టు.

బజరు కుయ్యిమంది.

అందరూ నేలచూపులు చూశారు. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. "నేను తర్వాత వస్తాను" అంటూ వెనక్కి అడుగు వేసింది.

పదకొండేళ్ళలో ఆ బజరు ఎన్నిసార్లు మోగిందో, దిగినవాళ్ళెందరో. దిగనివాడు అతనొక్కడే. అతను లిఫ్టు మనిషి, అతనెలా దిగుతాడు?

లేచి నిలబడ్డాడు. డబ్బా, స్వెట్టరు చంకన పెట్టుకుని, బరబరమని స్టూలు బయటికి ఈడ్చాడు. తనూ దిగాడు. బజరు ఆగింది.

"నువ్వు దిగిపోతే ఎలా బాబాయ్?" అన్నారు లోపల్నుంచి.

"నాలుగు నొక్కండి. అదే వెళ్తుంది. నేను మెట్లెక్కి వస్తాను."

ఆ మెట్లు అతనెప్పుడూ ఎక్కలేదు. మలుపు మలుపునా ఒక కిటికీ ఉందనీ, అందులోంచి సైకిళ్ళ షెడ్డు కప్పు కనపడుతుందనీ అతనికి తెలియదు. రెండో అంతస్తుకి ఆయాసం రాలేదు. మోకాలు పట్టుకుని చూశాడు, నొప్పి లేదు. ఆ ముసలమ్మ ఏ మలుపులో కూర్చుని ఉంటుందో అనుకున్నాడు. టైపిస్టావిడకి బాగుందని చెప్పేస్తాను, అనుకున్నాడు. చాలా బాగుందని.

మూడో అంతస్తు మలుపులో ఫోను మోగింది. టైలరక్క నంబరు.

"ఏమక్కా, మధ్యాహ్నం..."

"నేను వాళ్ళమ్మాయినండీ."

"చెప్పమ్మా."

"అమ్మ పోయిందండీ. పొద్దున లేవలేదు. నిద్రలోనే అన్నారు డాక్టరుగారు." ఆ గొంతు అప్పటికే ఆ మాట చాలామందికి చెప్పిన గొంతు. "మీ నంబరు నాకు తెలియదు. ఒంటిగంటకి అమ్మ ఫోనులో అలారం మోగింది. 'లిఫ్టు తమ్ముడు, భోజనం' అని ఉంది. తర్వాత మీరు చేశారు. అప్పుడు ఎత్తలేకపోయానండీ."

"పర్లేదమ్మా."

"మీ ప్యాంటు మిషను మీద ఉంది."

అతను కిటికీ చువ్వ పట్టుకుని కిందికి చూశాడు. సైకిళ్ళ షెడ్డు మీద ఎవరో పడేసిన పాత చీపురు ఉంది. తర్వాత మిగిలిన మెట్లు ఎక్కాడు.

టైపిస్టు లోపలికి వెళ్ళకుండా లిఫ్టు దగ్గరే నిలబడి ఉంది.

"మీరెందుకు దిగారండీ? నాకు అలవాటే."

అతను చంకలోంచి జారుతున్న స్వెట్టరు సర్దుకున్నాడు.

"టైలరమ్మగారు నిన్న ఫోను చేశారు. మీతో మాట్లాడమన్నారు. 'ఆయనకి మాట చాతకాదు, అందుకే ఆయన్ని అడుగు' అన్నారు." ఆవిడ కొంచెం నవ్వింది. "చెప్పండి. చేయించుకోమంటారా?"

బాగుంది అనే మాట మూడో అంతస్తు దాకా అతనితో వచ్చింది. దాని కోసం వెతుక్కున్నాడు.

"తెలియదమ్మా. మోకాళ్ళ నొప్పి లేదు. ఇప్పుడు నాలుగంతస్తులూ ఎక్కాను. జుట్టు ఊడింది. ఆకలో దిగులో తెలియటం లేదు. పొద్దున ఒకాయన నా గురించి నన్నే అడిగాడు. మానేశాడని చెప్పాను."

ఆవిడ నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయింది.

"మళ్ళీ చేయించుకోవలసి వస్తే, చేయించుకుంటారా?"

"మెట్లెక్కుతున్నంతసేపూ అవుననుకున్నాను." డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "అక్క పోయిందమ్మా. ఇవాళ పొద్దున. ఇప్పుడే చెప్పారు."

ఆవిడ చేతిసంచీ ఇంకా గట్టిగా హత్తుకుంది. లోపల గదిలో కుర్చీలు జరుపుకుంటున్న చప్పుడు. ఈ సంగతి వాళ్ళకి కూడా అతనే చెప్పాలి.

"మీ నంబరివ్వండి. రేపు ఒంటిగంటకి ఫోను చేస్తాను."

"రేపు పొద్దున్నే కదండీ చెప్పాల్సింది? ఇంకా నేనేమీ తేల్చుకోలేదు."

"ఏదైనా సరే, చేస్తాను."

"చేయించుకోకపోతే ఎందుకు?"

అతను ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

"అన్నం తింటారుగా," అన్నాడు.

ఆవిడ నంబరు చెప్పింది. అతను మీటలు తప్పు నొక్కి, చెరిపి, మళ్ళీ అడిగాడు.

సాయంత్రం టైలరక్క ఇంటికి వెళ్ళేసరికి ముందు గదిలో దుప్పటి మెడదాకా కప్పి ఆమెని పడుకోబెట్టారు. చుట్టూ ఎవరెవరో. తను ఫోనులో వినే మనిషి కంటే చిన్నగా ఉంది. ఆమె చేతివేళ్ళ చివర సూది గుచ్చుకున్న నల్లటి చుక్కలు చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి కూతురు వచ్చి మోచెయ్యి తాకి, పక్క గదిలోకి తీసుకెళ్ళింది.

"తీసి ఇద్దామనుకున్నాను. ఎలా తియ్యాలో తెలియలేదు."

"ఉండనీ అమ్మా."

చోటు కోసం కుట్టుమిషనుని గోడవారకి తోసేసినట్టున్నారు. దాని మీద అతని ప్యాంటు తిరగేసి ఉంది. ఒక కాలు కుట్టటం అయిపోయింది. రెండో కాలికి సుద్ద గీత పొడుగునా గుండుసూదులు. సగం దూరం వచ్చిన కుట్టులో సూది గుడ్డలోకి దిగి అక్కడే ఆగి ఉంది. పక్కనే కత్తెర, మూసే ఉంది. మిగిలిన గుడ్డ నాలుగు వేళ్ళ వెడల్పున, కత్తిరించకుండా, లోపలికి మడిచి ఉంది.