తుక్కు చేసిన బండి

మా ఆఫీసులో దొరకని బండ్లని దయ్యం బండ్లంటాం. తాగి గోడకి గుద్దేసి, ఎవడో గుద్ది పారిపోయాడని కట్టుకథలు చెప్పేవాళ్ళు బోలెడుమంది. ఇన్సూరెన్సు లేని బండి గుద్దినా, గుద్దినవాడు దొరక్కపోయినా దెబ్బలకి డబ్బిచ్చే పాలసీ ఒకటుంది మరి. షరతు ఒక్కటే: ఆ రెండో బండి నిజంగా ఉందని తేలాలి. అది తేల్చే సర్వేయర్ని నేను. ఇరవయ్యేళ్ళుగా ఎవరి మాటా ఊరికే నమ్మినదాన్ని కాదు.

తన కారుని ఎవరో గుద్ది పారిపోయారన్న టైలరమ్మ మాటా నమ్మలేదు. కుడికాలి మడమ నుజ్జయి మంచం మీద ఉంది. పది రోజుల్లో ఆపరేషన్ చేయకపోతే ఆ పాదం ఇక పనికిరాదన్నారట డాక్టర్లు. ఆ కాలితో తొక్కే మిషనే ఇంటిల్లిపాదికీ తిండి పెడుతోంది. కోడలు నోరు విప్పకముందే అత్తగారు అందుకుని, మా పిల్ల నిదానం, మా పిల్ల తప్పేం లేదని ఊదరగొట్టింది. అత్తగారు కోడల్ని అంతలా వెనకేసుకురావడం చూసి నాకు అనుమానం ఇంకాస్త పెరిగింది.

"మిట్టమధ్యాహ్నం మేడం, ఎండ మండిపోతోంది. ఆ బండి మాత్రం తడిసి ఉంది. తలుపు సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి" అంది టైలరమ్మ.

డ్రైవరు ఎలా ఉన్నాడని అడిగాను. ఆమె గొంతు తగ్గించింది.

"సీట్లో ఎవరూ లేరు. పిచ్చిదంటారని పోలీసులకి చెప్పలేదు."

బండి నంబరు మాత్రం గడగడా చెప్పింది. రాసుకుని షెడ్డుకి వెళ్ళి ఆమె కారు చూశాను. తలుపు మీద పొడుగ్గా నీలం గీత, గీత నిండా బురద. ప్రమాదం జరిగి పన్నెండు రోజులైనా ఆ బురద ఆరలేదు. వేలితో తీసి వాసన చూశాను. కాలవ నీచు.

ఆఫీసుకొచ్చి కంప్యూటర్లో నంబరు కొట్టాను. ఎనిమిదేళ్ళ కిందట కాలవలో మునిగిన నీలం బండి అది. డ్రైవరు అందులోనే పోయాడు. బండిని తుక్కు చేశారు. కింద సంతకం నాదే.

తుక్కుకి పంపిన బండి నుంచి చట్రం మీద చెక్కిన ఛాసిస్ నంబరున్న ఇనపముక్క కోసి పక్కన పెట్టి, మిగతాది నలిపేస్తారు. సర్వేయరు దగ్గరుండి చూసి సంతకం పెట్టాలి. ఆ రోజు కంపు భరించలేక నేను గేటు బయట టీ తాగుతూ సంతకం పడేసి వచ్చేశాను. మావాళ్ళందరూ చేసే పనే.

మేనేజరు ఫైలు చూసి, లేని బండి ఎవర్ని గుద్దుతుందండీ, కొట్టిపారేయండి అన్నాడు. తుక్కు యార్డువాడు బండిని కోయకుండా ఎవడికో అమ్ముకున్నాడని నాకు ఒళ్ళు మండింది. కడిగేద్దామని నేరుగా అక్కడికే పోయాను. యజమాని ముసలాయన. నేను అరిచినంతసేపూ విని, లోపలికెళ్ళి ఒక ఇనపముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. దాని మీది ఛాసిస్ నంబరుని ఫైలుతో పోల్చి చూశాను. అదే నంబరు.

"మీరు బయటే ఉన్నారుగానీ, మేం పని సరిగ్గానే చేశామమ్మా. నలిపి, కరిగించడానికి పంపాం. రసీదు చూస్తారా?"

చూశాను. ఆ బండి ఈ లోకంలో ఎక్కడా లేదు.

ఆ సంగతి చెబితే డబ్బు రాదు, టైలరమ్మ పాదం పోతుంది. చెప్పలేదు. 'కోయడం నేను కళ్ళారా చూడలేదు, చూశానని తప్పుడు సంతకం పెట్టాను' అని ఉత్తరం రాసిచ్చాను. అందులో అక్షరం అబద్ధం లేదు. కంప్యూటర్లో 'తుక్కు చేశారు' తీసేసి 'రోడ్డు మీద ఉంది' అని మార్చారు. నా లైసెన్సు ఏడాదిపాటు ఆపేసి, ఫైళ్ళు చూసుకోమని బల్ల ముందు కూర్చోబెట్టారు. డబ్బు అందింది, ఆపరేషన్ గడువులోపే అయిపోయింది. మళ్ళీ మిషను తొక్కుతున్నానని టైలరమ్మ ఫోన్ చేసిన రోజు సంతోషంతో ఏడ్చేశాను.

మర్నాడు ఒక ఫైలొచ్చింది. రోడ్డు దాటుతున్న స్కూలు టీచరుకి తుంటి విరిగింది. అదే నంబరు. నాలుగు రోజులకి ఇంకోటి. ఈసారి ఇద్దరు పిల్లల తండ్రి, ప్రాణమే పోయింది. ఎనిమిదేళ్ళలో ఒక్కర్ని గుద్దిన బండి, నేను ఉత్తరం రాసిన మూడు నెలల్లోపే ఇద్దర్ని గుద్దింది. డ్రైవర్ని ఎవరూ చూడలేదు.

మేనేజరు దగ్గరికి పరిగెత్తాను. ఇనపముక్క సంగతి, రసీదు సంగతి దాచకుండా చెప్పేసి, దాన్ని మళ్ళీ తుక్కు కింద రాసేయమని బతిమాలాను. ఆయన నవ్వలేదు. నన్ను కూర్చోమని మంచినీళ్ళిచ్చాడు.

"రాసేస్తాను. కానీ అది తుక్కయితే టైలరమ్మని గుద్దింది ఏదండీ? ఆమెకిచ్చిందంతా వెనక్కి అడగాలి. మిషను అమ్ముకుని కట్టాల్సిందే. అడగమంటారా?"

'రోడ్డు మీద ఉంది' అన్న రాతని అలాగే ఉండనివ్వమన్నాను. లేచి నా బల్ల దగ్గరికొచ్చి, ఆ పిల్లల తండ్రి ఫైలు పాస్ చేశాను.