చెయ్యి పడ్డాకే చప్పుడు

ముప్పయ్యో బండ దగ్గర యోబు ఆగాడు. చేతిలో చిన్న సుత్తి, చెవి వెనక సుద్దముక్క. బండ అంచున ఒక దెబ్బ, నడుమ ఒక దెబ్బ వేసి తల వాల్చి విన్నాడు. ఖంగుమంది. సుద్దముక్క తీసి నిలువుగా ఒక గీత గీశాడు. గీత పడిన నాపరాయి వ్యాగన్ ఎక్కుతుంది. లోపల పగులున్నది మొద్దుగా పలుకుతుంది. దాని మీద అడ్డగీతలు పడతాయి, అది గోడ పక్కకు పోతుంది. తాండూరు స్టేషను వెనక బండల కార్ఖానాలో ఇరవై రెండేళ్లుగా యోబు పని ఇదే.

పొట్టి మనిషి, యాభై ఎనిమిదేళ్లు. రాతిపొడి పట్టి కనుబొమ్మలు తెల్లగా ఉంటాయి. స్నానం చేస్తే పదేళ్లు తగ్గుతావని భార్య శాంతవ్వ ఎగతాళి చేస్తుంది. అతని గీత పడిన బండ ఒక్కటి కూడా షోలాపూరు నుంచి వాపసు రాలేదు. ఆ సంగతి యోబుకు బాగా తెలుసు. వినయం నటించడం అతనికి చేతకాదు.

ఆ చెవి రాయితో మొదలైంది కాదు. చిన్నప్పటి నుంచీ డప్పు కొట్టినవాడు. తోలు మంట దగ్గర కాచి, గోటితో మీటి, ఎక్కడ వదులుందో చెప్పేవాడు. అరవై తొమ్మిదిలో తాండూరు బజారులో తెలంగాణ ఉద్యమం ఊరేగింపుల ముందు కొట్టిందే ఆఖరు. కొత్తగా వచ్చిన పాస్టరు ఆ వాయిద్యం మనకొద్దన్నాడు. యోబు డప్పును అటకెక్కించాడు. దాన్ని ఎలుకలు కొరికేశాయి. ఆ బాధ ఎవరికీ చెప్పుకోలేదు గాని, పదిహేడేళ్లయినా పోలేదు.

చివరికి గోడకు ఆనించిన ఆరడుగుల బండ ఒకటి మిగిలింది. సుత్తి వేయబోతుంటే పక్కనే లారీ ఇంజను మొదలైంది. రెండుసార్లు కొట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

"గీ లొల్లిల దీని మాట ఇనబడ్తలేదు. సోమారం చూస్త."

"మంచిగనే ఉన్నట్టుంది గద యోబన్నా, గీత గీయరాదు?" అన్నాడు మేస్త్రీ బిచ్చయ్య.

"ఉన్నట్టుంటే గీత వడదు," అని యోబు సుత్తి సంచిలో వేసుకున్నాడు.

శనివారం సగం పూటే పని. గేటు దగ్గర మజహర్ అతని కోసం నిలబడి ఉన్నాడు. బొంతలో చుట్టిన వీసీఆర్‌ను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. దుబాయిలో ఆరేళ్లు పనిచేసి వచ్చి బస్టాండు దగ్గర వీడియో క్యాసెట్ల దుకాణం పెట్టాడు. సినిమాలకంటే ఎక్కువగా అతని దగ్గర పోయేవి విదేశీ కచేరీల టేపులు. జుట్టు విరబోసుకుని గిటార్లు వాయిస్తూ అరిచే ఆ పాటలంటే సిమెంటు కాలనీ కుర్ర ఇంజనీర్లకు పిచ్చి. దాన్ని హెవీ మెటల్ అంటారని చెబితే, మెటల్ అంటే రోడ్డుకేసే కంకరే కదా అన్నాడు యోబు. కానీ ఒకరోజు చాయ్ తాగుతూ రెండు టేపులు విని, "మొదటిది ఉంచు, రెండోది పగిలింది" అని తేల్చేశాడు. నిజంగానే రెండోది కాపీకి కాపీ. అప్పటినుంచి క్యాసెట్ల మీద కూడా యోబు సుద్దగీత పడుతోంది.

వికారాబాద్ బండిలో కూర్చున్నాక మజహర్ అసలు సంగతి చెప్పాడు. రైల్వేవాళ్ల క్లబ్బు హాలులో మూడు గంటలకు కచేరీ టేపు వేయాలి. హాలు మాట్లాడింది, యాభై మందిని పిలిచింది దేవప్ప అనే సిమెంటు ఇంజనీరు. ఆయన బొంబాయి నుంచి తెప్పించిన టేపే వేయాలంటున్నాడు.

"నా దుకాణంకొచ్చేటోళ్లల్ల సగం మంది ఆయన దోస్తులే కాకా. పోయినసారి టేపు ఖరాబయి చీవాట్లు తిన్న. ఈసారి గూడ పోతే దుకాణం మూసుకునుడే. ఆయన టేపే మంచిదని, అదే ఏస్త."

"ఇనకుండ మంచిదెట్లంటవు?" అన్నాడు యోబు.

హాలులో ఇంకా ఎవరూ లేరు. బెల్గాం వైపు వాడైన దేవప్ప పొడుగ్గా, నవ్వుమొహంతో ఉన్నాడు. తన టేపు పెట్టించాడు. చప్పుడు అద్దంలా ఉంది. ఒక్క గరగర లేదు. దేవప్ప కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు. యోబు మాత్రం కళ్లు మూయలేదు. టీవీ ముందు గొంతుక్కూర్చుని డోళ్లవాడి చేతులనే చూస్తున్నాడు. రెండు పాటలయ్యాక లేచాడు.

"సారు, గిది అబద్ధం."

మజహర్ యోబు చెయ్యి పట్టి వెనక్కి లాగాడు.

"ఏం అబద్ధం పెద్దాయనా? ఇంత క్లియర్ సౌండు మీరెక్కడన్నా విన్నారా?" అన్నాడు దేవప్ప.

"జర బయటికి రాండ్రి."

వాకిట్లోంచి చూస్తే దూరాన సిగ్నల్ దిక్కున గ్యాంగ్‌మన్ ఒకడు పట్టాల మీద సుత్తి వేస్తున్నాడు. సుత్తి పడుతోంది, కాసేపటికి చప్పుడు వస్తోంది.

"చూసిండ్రా? గనిల మేం రోజూ చూస్తం. ఎంత దూరమున్నా ముందు చెయ్యి వడాలె, ఎన్క చప్పుడు రావాలె. మీ టేపుల డోళ్లోని చెయ్యి ఇంక పైకే ఉన్నప్పుడే చప్పుడొస్తుంది. ఎవరిదో రికార్డు తెచ్చి గీ బొమ్మకు అతికిచ్చిండ్రు. అండ్ల ఆల్లు కొట్టింది లేదు, మనం ఇన్నది లేదు."

దేవప్ప లోపలికి వెళ్లి టేపు వెనక్కి తిప్పాడు. ముందుకు నడిపాడు. మళ్లీ తిప్పాడు. నాలుగోసారికి చెవులు ఎర్రబడ్డాయి. మజహర్ ఆ మొహాన్నే చూస్తున్నాడు.

"ఇంజనీరింగు నేను చదివాను," అన్నాడు దేవప్ప చివరికి, నవ్వేసి. "నీ టేపు పెట్టు మజహర్."

మజహర్ తెచ్చిన టేపుకు గరగర ఉంది, జనం కేకలున్నాయి, అంచున బొమ్మ వణుకుతోంది. క్యాసెట్ మీద గీత ఉంది. మూడు గంటలకు హాలు నిండింది. మూడో పాటలో డోళ్లవాడి చేతిలోంచి పుల్ల జారిపోయింది. వాడు చూడనైనా చూడకుండా ఒంటిచేత్తో దెబ్బ నిలబెట్టి, రెండో చేత్తో ఇంకో పుల్ల అందుకున్నాడు. పక్కన గిటారువాడు తిరిగి చూసి నవ్వాడు. హాలులో యాభై మందీ ఒక్కసారి ఈలలు వేశారు. వెనక గోడ దగ్గర నిలబడ్డ యోబు వేళ్లు తొడ మీద అదే దెబ్బ వేస్తున్నాయి. అయిదో పాటకు డోళ్లవాడు అలసిపోయాడని యోబు ఒక్కడికే తెలిసింది. అలసట చేతుల్లో ఉంది గాని దెబ్బలో లేదు.

"పలికే రాయి," అన్నాడు యోబు తనలో తాను.

దేవప్ప స్టేషను దాకా వచ్చి సాగనంపాడు. వచ్చే నెల కూడా టేపు నువ్వే తేవాలని మజహర్‌తో చెప్పి, "గీత చూసి తీసుకురా" అన్నాడు. ఆ మాట విని యోబు మీసం దువ్వుకున్నాడు.

సాయంత్రం బండి ఖాళీగా ఉంది. అనంతగిరి దిక్కు నుంచి చల్లగాలి వస్తోంది. యోబు కిటికీ పక్కన కూర్చున్నాడు. కాసేపు ఎడమ భుజం రుద్దుకున్నాడు.

"నొస్తుందా కాకా?"

"బండలు జరిపిన గద." చెయ్యి కిందికి దించి అన్నాడు. "మజహర్, నా డప్పు గూడ ఎవరన్న గిట్ల టేపుల పట్టి పెడితె మంచిగుండె. గాని ఇన్నోళ్లైతె ఇన్నరు. ఆ డోళ్లోనికన్న నేనేం తక్కువ కొట్టలె."

"నాకు ఫికర్ లేకుంట చేసినవు కాకా."

యోబు నవ్వి, కిటికీ చువ్వకు తల ఆనించాడు. ధారూరు దాటేదాకా వేళ్లు మోకాలి మీద ఆడుతూనే ఉన్నాయి. ఆ తర్వాత ఆగాయి. నిద్రపట్టిందనుకుని మజహర్ వీసీఆర్ మీది బొంత విప్పి అతనికి కప్పాడు. తాండూరులో దిగేటప్పుడు పిలిచాడు. భుజం పట్టి కదిపాడు. అప్పటికి మెడ చల్లబడింది.

ఆదివారం చర్చివాళ్లు పాటలు పాడి మట్టి చేశారు. పెట్టె మూసేముందు శాంతవ్వ ఏడుస్తూ ఏడుస్తూనే అతని కనుబొమ్మలు తడిగుడ్డతో తుడిచింది. అవి నిజంగానే నల్లగా ఉన్నాయి.

సోమవారం పొద్దున వ్యాగన్ వచ్చింది. గీతలు పడిన బండలన్నీ కూలీలు ఎక్కించారు. చివరి బండ దగ్గరికి వచ్చి ఒకడు సుత్తి ఎత్తాడు. లారీ కూడా లేదు, కార్ఖానా అంతా నిశ్శబ్దంగా ఉంది.

"ఉండనీ," అన్నాడు బిచ్చయ్య. "సోమారం చూస్తనన్నడు."

వ్యాగన్ వెళ్లిపోయింది. ఆరడుగుల నాపరాయి ఒక్కటి, ఒంటిమీద ఏ గీతా లేకుండా, గోడకు ఆనుకుని నిలబడి ఉంది.