ఒడిబియ్యానికి గ్రాఫిక్స్ కార్డు

సోమవారం పొద్దున్నే మా ఇంటి ఓనరు మల్లేశయ్య డీవీడీ పట్టుకొని వాకిట్లో నిలబడ్డాడు. వెనకాల వాళ్లక్క సంతోషమ్మ, నాదర్‌గుల్ నుంచి మోసుకొచ్చిన కోపంతో సహా.

"గోపాలరావు సారూ, గిది మా పోరని లగ్గం డీవీడీ. జర నీ కంప్యూటర్ల ఏసి చూపియ్యి. అక్కకు ఒడిబియ్యం పోసిన్నో లేదో తేలాలె."

"పొయ్యలే," అంది సంతోషమ్మ. "చెల్లెకు పోసినవ్. నన్ను ఇడిసిపెట్టినవ్."

"పోసినక్కా!"

ఆడబిడ్డ కొంగులో పుట్టింటివాళ్లు కుడుకలనే ఎండుకొబ్బరి చిప్పలు పెట్టి పసుపు బియ్యం పోయడం ఇక్కడ ఎంత పెద్ద సంగతో కాకినాడ నుంచి వచ్చిన నాకూ తెలుసు. భూమి ధర పెరిగి మల్లేశయ్య కట్టిన కొత్తింటికి శుక్రవారం గృహప్రవేశం. రుజువు చూపిస్తేనే గడప తొక్కుతానని ఆవిడ. అక్క రాకపోతే పాలే పొంగించనని ఈయన.

నా కంప్యూటరు పేరుకు పెంటియం, పనికి వట్టి పెంట. డిస్కు పెట్టగానే గుర్రుమని బయటికి ఉమ్మేసింది. అది సీడీల డ్రైవట, డీవీడీ చదవదట. హయత్‌నగర్ వెళ్లి డీవీడీ డ్రైవు తెచ్చి బిగించాను. మంగళవారం సన్నాయి మోగింది గానీ బొమ్మ పడలేదు. తెర నడుమ నల్లటి చదరం.

"సన్నాయి ఇనవడ్డది గదక్కా, సాలదా?"

"సన్నాయిల బియ్యం కనవడ్తయారా?"

గ్రాఫిక్స్ కార్డు పాతదైపోయింది, దానికి సరైన డ్రైవర్ లేదంది కంప్యూటరు. ఆటోస్టాండు నిండా డ్రైవర్లే, ఒక్కడూ పనికిరాడు! బుధవారం కొత్త కార్డు తెచ్చాను. కార్డుకున్న గాటుకీ బోర్డు మీది గాడికీ పొత్తు కుదరలేదు. ఎటు చూసినా ప్లాట్లమ్మే ఊళ్లో నాకొక్క స్లాటు కరువైంది.

"ఏవండీ, వాళ్లు కొత్తింట్లో దిగేలోపు మీరు హయత్‌నగర్లో కాపురం పెట్టేలా ఉన్నారు," అంది మా అరుణకుమారి.

గురువారం మధ్యాహ్నం, మా బోర్డు ఈడుదే ఒక పాత కార్డు వెతికి తెచ్చి గుచ్చాను. బొమ్మ పడింది! చప్పట్లు కొట్టింది నేనొక్కణ్నే. అక్కాతమ్ముళ్లు ముక్కులు తెరకు ఆనించేశారు.

చెల్లెలి కొంగులో బియ్యం పడ్డాయి. తర్వాత సంతోషమ్మ వచ్చి కొంగు పట్టింది. మల్లేశయ్య తాంబాళం ఎత్తాడు.

"సూడు సూడు! గిప్పుడే..."

సరిగ్గా అప్పుడే ఎర్రటి గుండె ఒకటి గిర్రున తిరుగుతూ వచ్చి తెరంతా కమ్మేసింది. గుండెలో పెళ్లికొడుకు నవ్వుతున్నాడు, చుట్టూ గులాబీలు రాలుతున్నాయి. గుండె తప్పుకునేసరికి అందరూ బంతిలో భోంచేస్తున్నారు. నాలుగు రోజులు గ్రాఫిక్స్ కోసం అఘోరించిన నా గుండె ఆగినంత పనైంది. వీడియో ఆయన గ్రాఫిక్సే కొంప ముంచాయి! వెనక్కి తిప్పాను. మళ్లీ గుండె. పదకొండుసార్లు తిప్పాను. పదకొండు గుండెలు.

"సారూ, ఆపు," అన్నాడు మల్లేశయ్య.

బంతి వెనకాల మండపం మూల తాంబాళం కనబడుతోంది. దాని నిండా పసుపు బియ్యం, పోసిన కుప్ప పోసినట్టే ఉంది.

"ఫోటోకు రమ్మని పిలిస్తె కింద పెట్టి పోయిన్నక్కా. మల్ల యాది లేదు. నేను పొయ్యలే."

అరుణకుమారి లోపలికెళ్లి చేటలో బియ్యం తెచ్చింది.

"కిరాయోళ్ల బియ్యం నాకెందుకురా? రేపు నీ కొత్తింట్ల పొయ్యి, అందరి ముంగట," అంటూ లేచింది సంతోషమ్మ. "అయిదు కుడుకలు పెట్టు. గా గుండెలాయనను మాత్రం పిలువకు."